రైతుల ఆచార్యుడు

పత్తి తూగునది గుంటూరు బజారులో; దాని ధర తేలునది సముద్రముల కావల. మన మెట్టరైతు ఈ సత్యమును నష్టపడి నేర్చినాడు. దానిని శాస్త్రముగా నభ్యసించి, కళాశాలలో బోధించి, పిమ్మట రైతు వాకిటికే కొనివచ్చినవారు ఆచార్య గోగినేని రంగనాయకులుగారు. ఆ ఋషితుల్యుని జీవితము నొకపరి స్మరించుట మనకు విధియని మేము తలంచుచున్నాము.

రంగాగారు 1900 నవంబరు 7వ తేదీన నిడుబ్రోలులో రైతుకుటుంబమున జన్మించిరి. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివి, ఆక్సుఫర్డులో అర్థశాస్త్రమున బి.లిట్. పట్టమొంది, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులైరి. విదేశగ్రంథములను వల్లించుటతో వారు తృప్తినొందలేదు. పల్లెల ఆర్థికవ్యవస్థను పరిశీలించి 1926లో నొక గ్రంథమును, చేనేతవారి స్థితిగతులపై 1930లో మరియొక గ్రంథమును ప్రకటించిరి. అర్థశాస్త్రము రైతు జమాఖర్చులతో నారంభము కావలెనని వారి కృషియే చాటినది.

అంతలో ప్రపంచ ఆర్థికమాంద్యము వచ్చిపడెను. 1927లోనే ప్రభుత్వము రూపాయి విలువను పదునెనిమిది పెన్నీలుగా శాసించియుండెను. విలువ హెచ్చిన రూపాయివలన ఎగుమతి సరకునకు లభించు రూపాయలు తగ్గును. 1929 తరువాత ధరలును కూలినవి. శిస్తు తగ్గలేదు, వడ్డీ తగ్గలేదు. పంట విలువ మాత్రము తగ్గినది. పూర్వపు బాకీ తీర్చుటకు రైతు అధికముగా ధాన్యమును, పత్తిని అమ్మవలసివచ్చినది. విదేశవర్తకమున పుట్టిన తుపాను పల్లెలో పొలము వేలముగా పరిణమించు విధ మిదియే.

1930లో రంగాగారు స్వాతంత్ర్యోద్యమమున ప్రవేశించిరి. 1933లో రైతుల ఆందోళనమునకు నాయకులైరి. నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయమును స్థాపించి, పాఠమును కళాశాలనుండి కళ్లమునకు మార్చిరి. 1936లో అఖిల భారత కిసానుసభ స్థాపకులలో నొకరైరి. 1946లో కోపెన్‌హేగన్ నగరమున జరిగిన ఆహార వ్యవసాయ సంస్థ సమావేశమున భారతదేశమునకు ప్రాతినిధ్యము వహించిరి.

ఒక్క విషయమును మేము దాచజాలము. 1959లో సమష్టి వ్యవసాయ తీర్మానమును నిరసించి, కాంగ్రెసును వీడి, స్వతంత్ర పక్షమునకు అధ్యక్షులైరి. స్వంతభూమియే రైతునకు స్వాతంత్ర్యమని వారి నమ్మకము. అందు సత్యమున్నది. కాని రైతుకూలీరాజ్యమును కోరిన ఉద్యమమున, భూమిగలవాని మాట వినబడినంతగా భూమిలేని కూలివాని మాట వినబడలేదు. ఈ లోపము వారి యొక్కరిది కాదు. భూవసతిగల మన యందరిది.

అర్ధశతాబ్దమునకు మించి పార్లమెంటున రైతుపక్షమున వాదించి, 1995 జూనులో వారు దివంగతులైరి. నేడును గుంటూరు మిర్చియార్డులో ధర పరదేశపు గిరాకీతో నెగయుచు దిగుచున్నది. ఆచార్యులు వెడలిపోయిరి, పాఠము ముగియలేదు. ధర ఎవరు నిర్ణయించుచున్నారో తెలియక అమ్ముకొను రైతు స్వతంత్రుడు కాడు. ఆ విద్యను తాము గ్రహించి, తమ పొలమున పనిచేయు కూలికిని అందించుట భూస్వాములకు రంగాగారిపట్ల గల ఋణము.