మాక్స్ ముల్లర్: ఇండియాలో అడుగు పెట్టలేదు.. కానీ రుగ్వేదాన్ని అచ్చు వేయించారు!

దేవుడనే ఆలోచన మనిషికి మొదట ఎలా వచ్చింది? జర్మన్ పండితుడు మాక్స్ ముల్లర్ జీవితం చాలావరకు ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. 1823లో డెస్సావ్‌లో పుట్టారు. నాలుగేళ్లు నిండకముందే తండ్రి చనిపోయారు. లీప్‌జిగ్‌లో సంస్కృతం నేర్చుకుని, పారిస్ వెళ్లి రుగ్వేదం రాతప్రతులు ముందేసుకుని కూర్చున్నారు. 1846లో ఇంగ్లండ్ చేరారు. ముద్రణ ఖర్చు ఈస్టిండియా కంపెనీ భరించింది.

విజయనగర కాలం నాటి సాయణాచార్యుల భాష్యంతో కలిపి 6 సంపుటాలు. మొదటిది 1849లో, చివరిది 1874లో వచ్చాయి. అంటే పాతికేళ్ల పని! ఆ పుస్తకంలో సంస్కృతంలో తన పేరు మోక్షమూలర భట్టు అని వేసుకున్నారు. ఆక్స్‌ఫర్డ్‌ను గోతీర్థం చేశారు. ఎద్దులు దాటే రేవు కదా మరి!

అయితే 1860లో గట్టి దెబ్బ తగిలింది. ఆక్స్‌ఫర్డ్ సంస్కృత ప్రొఫెసర్ పదవికి ఓటింగ్ పెడితే మోనియర్ విలియమ్స్‌కు 833, ఈయనకు 610 ఓట్లు వచ్చాయి. చదువు తక్కువై కాదు.. విదేశీయుడు, పైగా మతం విషయంలో ఉదారవాది. భారతీయులను క్రైస్తవంలోకి మార్చడానికి పనికొస్తుందని పెట్టిన పదవి అది. ఓటర్లలో చర్చి పెద్దలు చాలామందే ఉన్నారు.

ఆ తర్వాతే మతాల పుట్టుక మీద ఎక్కువగా దృష్టి పెట్టారు. వేదంలోని ద్యౌష్పితా, గ్రీకుల జూస్, రోమన్ల జూపిటర్.. మూడూ ఒకే మాట నుంచి వచ్చాయి, దానర్థం ఆకాశం. ఆకాశం, ఉషస్సు, నిప్పు లాంటివాటికి పెట్టిన పేర్ల అసలు అర్థం మరుగునపడి, ఆ పేర్లే దేవుళ్లయ్యాయని ఆయన వాదన. 1878లో లండన్ వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో దీనిపై ఉపన్యాసాలిస్తే, జనం ఎక్కువై ఒక్కోటీ రెండేసి సార్లు చెప్పాల్సి వచ్చింది.

ఈ సిద్ధాంతం నిలబడలేదు. ప్రపంచమంతా ఆదివాసీలు చెప్పుకునే కథలను సంస్కృతం మాటలతో వివరించలేమని ఆండ్రూ లాంగ్ ఏకిపారేశారు. గ్లాస్గోలో ఉపన్యాసాలిస్తే మతద్రోహమని కొందరు చర్చి వాళ్లు గొడవ చేశారు. ఇటు ఇండియాలోనేమో వేదాలను తక్కువ చేశారని ఇప్పటికీ విమర్శలున్నాయి. ఆర్య అన్నది భాషకు సంబంధించిన మాటే తప్ప రక్తానికి కాదని 1888లో తేల్చి చెప్పినా, జాతివాదులు వినిపించుకోలేదు.

1896లో వివేకానందుడు ఆక్స్‌ఫర్డ్ వెళ్లి ఆయన్ను కలిశారు. రెండేళ్లకే రామకృష్ణ పరమహంసపై ముల్లర్ పుస్తకం వచ్చింది. 1900 అక్టోబర్ 28న ఆక్స్‌ఫర్డ్‌లోనే కన్నుమూశారు. ఢిల్లీ, ముంబై, చెన్నైల్లో జర్మన్ నేర్చుకునేవాళ్లు వెళ్లే మాక్స్ ముల్లర్ భవన్‌లు ఆయన పేరు మీదున్నవే.