వాన లెక్కలు రాసిన అంకితం వెంకట నరసింగరావు

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని తెలుగు నానుడి. ఆ రాకడను కొలతలకు తెచ్చే కృషికి జీవితాన్ని వెచ్చించినవారిలో విశాఖపట్నానికి చెందిన అంకితం వెంకట నరసింగరావు ఒకరు.

బంగాళాఖాతంలో పుట్టి విశాఖ తీరం దాటే తుపానులు కొన్ని తూర్పు కనుమల మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ వరకు వానలు కురిపిస్తాయి. ఇంద్రావతి తీరాన కోతకు వచ్చిన వరి వాటి దారిలోనే ఉంటుంది. ఆ దారికి గుమ్మం వంటి విశాఖలో 1840లో గోడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో వేధశాల నెలకొల్పారు.

1856లో ఆయన మరణించగా, 1827లో జన్మించిన అల్లుడు నరసింగరావు ఆ బాధ్యతను స్వీకరించారు. 1871లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు. 1874లో శుక్ర సంక్రమణాన్ని పరిశీలించారు. గ్రహనక్షత్రాలతో పాటు వాతావరణ పరిశీలనలూ ఆ వేధశాలలో సాగాయి.

1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. మరుసటి ఏడాది అక్టోబరులోనే విశాఖ తీరాన్ని పెను తుపాను తాకింది. తీరంలో నిత్య పరిశీలన ఎంత అవసరమో ఆ విపత్తు చాటింది.

1892లో నరసింగరావు కన్నుమూశారు. వేధశాల అనంతరం ప్రభుత్వ పరమైంది. నేడు తీరం నుంచి ముందుగా అందే హెచ్చరిక బస్తర్ రైతుకు పనలను కళ్లానికి చేర్చుకునే వ్యవధినిస్తోంది. ఆ వ్యవధికి పునాది ఇటువంటి ఓపికగల పరిశీలనలే.