కొడుకు పేరుతో ఒక కారు: ఎంజో ఫెరారీ జీవితం



మీ పిల్లల బొమ్మల పెట్టెలో ఒక ఎర్ర కారు ఉండే ఉంటుంది. దాని ముక్కు మీద ముందు కాళ్లు ఎత్తిన నల్ల గుర్రం ఉంటుంది. అదేం కారు అని అడిగితే యూకేజీ పిల్లవాడు కూడా ఫెరారీ అని టక్కున చెప్పేస్తాడు. ఫెరారీ అనేది ఒక మనిషి ఇంటిపేరనీ, ఆ మనిషి ఒక తండ్రి అనీ, ఆయన చేయించిన కార్లలో ఒకదానికి ఆ గుర్రం బొమ్మ కాకుండా కొడుకు పేరు పెట్టుకున్నాడనీ మాత్రం పెద్దవాళ్లలోనూ చాలామందికి తెలియదు. ఈ నెల మీ కోసం ఆ తండ్రి కథ.

చదువు వంటబట్టని కుర్రాడు

ఎంజో ఫెరారీ 1898 ఫిబ్రవరిలో ఇటలీలోని మోడెనాలో పుట్టాడు. ఆ రోజుల్లో మంచు విపరీతంగా కురవడం వల్ల పుట్టిన విషయం రిజిస్టర్ చేయించడానికే రెండు రోజులు ఆలస్యమైందని చెబుతారు. తండ్రికి రైల్వేలకు ఇనుప సామగ్రి చేసిచ్చే వర్క్‌షాపు ఉండేది. కొడుకు ఇంజనీరు కావాలన్నది తండ్రి కోరిక. ఈ మాట వింటే మనలో చాలామందికి నవ్వు రావచ్చు. నూట ఇరవై ఏళ్ల కిందటి మోడెనాలోనైనా, ఇవాళ్టి మన ఊళ్లలోనైనా తండ్రుల కోరిక ఒకటే!

ఎంజోకి చదువు మీద ధ్యాస ఉండేది కాదు. ఒకసారి ఒపేరా గాయకుడిని అవుతాననేవాడు, ఇంకోసారి క్రీడా విలేకరిని అవుతాననేవాడు. పదేళ్ల వయసులో, 1908లో, తండ్రి అతన్నీ అన్ననీ బొలోన్యాలో కార్ల రేసు చూడటానికి తీసుకెళ్లారు. ఆ రోజు నుంచి రేసు డ్రైవర్ కావాలన్న మూడో కోరిక పుట్టింది. మిగతా రెండూ పోయినా అది మాత్రం నిలిచిపోయింది.

1916లో ఒకే ఏడాది తండ్రీ అన్నా పోయారు. ఎంజో సైన్యంలో చేరాడు. పర్వత ఫిరంగి దళంలో కంచర గాడిదలకు నాడాలు కొట్టే పని ఇచ్చారు. తీవ్రంగా జబ్బుపడటంతో ఇంటికి పంపేశారు. యుద్ధం ముగిశాక, 1918-19 చలికాలంలో, సిఫారసు ఉత్తరం పట్టుకుని టురిన్‌లోని ఫియట్ కంపెనీకి ఉద్యోగం కోసం వెళ్లాడు. వాళ్లు లేదన్నారు. బయటకు వచ్చి వాలెంటినో పార్కులో మంచు నిండిన బెంచీ మీద కూర్చుని ఏడ్చాడు. అప్పటికి అతని వయసు దాదాపు 21 ఏళ్లు. చేతిలో డిగ్రీ లేదు, తండ్రి లేడు, ఉద్యోగం లేదు.

ఈ బెంచీని గుర్తుపెట్టుకోండి. 1947లో అదే టురిన్‌లో, అదే పార్కు రోడ్ల మీద జరిగిన రేసులో ఆయన సొంత కారు గెలిచింది. ఆ రోజు ఆయన వెళ్లి ఆ బెంచీ మీదే మళ్లీ కూర్చున్నారు. మళ్లీ ఏడ్చారు. 1969లో అదే ఫియట్ కంపెనీ ఆయన సంస్థలో సగం వాటా కొనుక్కుంది. డిగ్రీ లేని ఆ మనిషికి 1960లోనే బొలోన్యా విశ్వవిద్యాలయం మెకానికల్ ఇంజనీరింగ్‌లో గౌరవ పట్టా ఇచ్చింది. తండ్రి కోరిక ఆ విధంగా తీరింది, చూడటానికి తండ్రి లేకపోయినా.

గుర్రం ఎవరిది?

ఎంజో 1919లో రేసులు మొదలుపెట్టి, 1920 నుంచి ఆల్ఫా రోమియో కంపెనీకి డ్రైవర్‌గా పనిచేశారు. 1923లో రవెన్నా దగ్గర ఒక రేసు గెలిచారు. అక్కడ ఆయనకు ఒక పెద్దాయన పరిచయమయ్యారు. ఆయన ఫ్రాంచెస్కో బరాక్కా తండ్రి. బరాక్కా మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ మెచ్చిన యుద్ధ విమాన చోదకుడు. 1918లో చనిపోయాడు. అతని విమానం మీద నల్ల గుర్రం బొమ్మ ఉండేది. ఆ పరిచయం వల్ల తర్వాత బరాక్కా తల్లినీ కలిశారు. తన కొడుకు గుర్రాన్ని కారు మీద పెట్టుకోమని, అది అదృష్టం తెస్తుందని ఆమె ఎంజోకి సూచించారు. దాని వెనక ఎంజో తన ఊరు మోడెనా రంగైన పసుపు వేసుకున్నారు.

అంటే మీ పిల్లల బొమ్మ కారు మీదున్న ఆ గుర్రం, కొడుకుని పోగొట్టుకున్న ఒక తల్లి ఇచ్చిన గుర్తు. తనకూ అదే దుఃఖం రాబోతోందని అప్పుడు ఎంజోకి తెలియదు.

లెక్కలకు అందని జబ్బు

1932 జనవరిలో ఎంజోకి కొడుకు పుట్టాడు. చనిపోయిన అన్న పేరే పెట్టారు: ఆల్ఫ్రెడో. ముద్దుగా డీనో అని పిలిచేవారు. తండ్రయ్యాక ఎంజో రేసు కారు నడపడం మానేసి, 1929లో పెట్టిన తన రేసింగ్ జట్టును నడిపించడం మీదే దృష్టి పెట్టారు. 1939లో ఆల్ఫా రోమియో నుంచి బయటకొచ్చారు. యుద్ధకాలంలో ఫ్యాక్టరీని మోడెనా పక్కనున్న మారనెల్లోకి మార్చారు. 1944లో దాని మీద బాంబులు పడ్డాయి. మళ్లీ కట్టారు. 1947లో ఫెరారీ పేరుతో మొదటి కారు, 125 ఎస్, బయటకొచ్చింది.

డీనోకి కండరాలు క్రమంగా బలహీనపడే జబ్బు ఉండేది. మస్కులర్ డిస్ట్రోఫీ అంటారు. ఎంజో తన వృత్తిలో అలవాటైన పద్ధతినే ఇంట్లోనూ వాడారు. ఇంజన్ని పరీక్షకు పెట్టి ప్రతి అంకె రాసుకున్నట్టే, కొడుకు ఏం తింటున్నాడు, ఎన్ని కేలరీలు, ఏవి పడుతున్నాయి అని పట్టికలు వేసుకునేవారు. ఎక్కడో ఒక లోపం దొరుకుతుంది, సరిచేయవచ్చు అనుకున్నారు. కొడుకు కారు కాదు. ఆ లోపం ఆయనకు దొరకలేదు.

డీనో ఇంజనీరింగ్ చదివాడు. మంచం పట్టాక కూడా సీనియర్ ఇంజనీరు విత్తోరియో యానోతో కొత్త రేసు ఇంజన్ గురించి చర్చించేవాడు. ఆరు సిలిండర్లతో, ఇంగ్లిషు వి అక్షరం ఆకారంలో ఉండే వి6 ఇంజన్ అది. 1956 జూన్ 30న డీనో 24 ఏళ్ల వయసులో చనిపోయాడు. అదే ఏడాది చివర్లో ఆ ఇంజన్ మొదటిసారి తిరిగింది. 1958లో దాని పెద్ద రూపంతోనే మైక్ హాథార్న్ ఫార్ములా వన్ ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఎంజో మాత్రం ఏళ్ల తరబడి రోజూ పొద్దున్నే కొడుకు సమాధి దగ్గరకు వెళ్లి, ఆ తర్వాతే పనిలోకి వెళ్లేవారు.

డీనో పోయిన ఏడాదిలోపే ఇంకో ఘోరం జరిగింది. 1957 మేలో, ఊళ్ల మధ్య మామూలు రోడ్ల మీద జరిగే మిల్లే మిలియా రేసులో ఒక ఫెరారీ కారు టైరు పేలి జనంలోకి దూసుకెళ్లింది. కారులోని ఇద్దరూ, చూడటానికి వచ్చినవాళ్లు తొమ్మిది మందీ చనిపోయారు. ఆ తొమ్మిది మందిలో ఐదుగురు పిల్లలు. ఎంజో మీద కేసు పెట్టారు. 1961లో నిర్దోషి అని తేలింది. ఈ కథ చెప్పేటప్పుడు గెలుపుల లెక్క చెప్పి, ఈ ఐదుగురినీ వదిలేయడం న్యాయం కాదు.

అప్పటి డీనో, ఇప్పటి 296

1960ల చివర్లో ఎంజో ఒక చిన్న స్పోర్ట్స్ కారు చేయించారు. పేరు డీనో 206 జీటీ. దాని ముక్కు మీద గుర్రం లేదు, ఫెరారీ అన్న మాట లేదు. కొడుకు సంతకంలా రాసిన డీనో అన్న పేరొక్కటే ఉంది. ఇంజన్ డ్రైవర్ వెనక, వెనక చక్రాల ముందు ఉండేది. ఫెరారీ ఫ్యాక్టరీ ఇంజన్ను అలా మధ్యలో పెట్టి రోడ్డు మీద నడిపే జనానికి అమ్మిన మొదటి కారు అదే.

2021లో ఫెరారీ కంపెనీ 296 జీటీబీ అనే కారు తెచ్చింది. ఆరు సిలిండర్లుండి, గుర్రం బొమ్మ పెట్టుకున్న మొదటి రోడ్డు కారు ఇది. అంటే కొడుకు ఆలోచనకు దాదాపు 65 ఏళ్లకు ఇంటి గుర్తు దక్కింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

పేర్లు: రెండిటికీ ఒకటే పద్ధతి. 206 అంటే 2.0 లీటర్లు, 6 సిలిండర్లు. 296 అంటే 2.9 లీటర్లు, 6 సిలిండర్లు.

శక్తి: డీనోకి 180 హార్స్‌పవర్. 296కి పెట్రోలు ఇంజన్, విద్యుత్ మోటారు కలిసి 830.

బరువు: ఆయిల్, పెట్రోలు లేకుండా డీనో 900 కిలోలు. 296 అయితే 1470 కిలోలు.

వేగం: డీనో గంటకు 235 కిలోమీటర్లు. 296 అయితే 330 పైమాటే.

గేర్లు: డీనోలో చేత్తో మార్చే ఐదు. 296లో ఎనిమిది, స్టీరింగ్ వెనకున్న మీటను వేలితో నొక్కితే చాలు.

డీనోకి పెట్రోలు అందించేవి మూడు కార్బురేటర్లు. పాత స్కూటర్లు నడిపినవాళ్లకి కార్బురేటర్ అలక ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పవర్ స్టీరింగ్ లేదు, ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు. చక్రం ఎక్కడ జారుతోందో డ్రైవర్ అరచేతులకు తెలిసేది. గేరు తప్పు వేస్తే కారు వెంటనే మొరాయించేది. 296లో రెండు టర్బోలు, బ్యాటరీ ఉన్నాయి. పెట్రోలు చుక్క వాడకుండా 25 కిలోమీటర్ల దాకా పోగలదు. చక్రం జారబోతున్నప్పుడే సెన్సర్లు పసిగట్టి, మీకు తెలిసేలోపే సర్దేస్తాయి.

ఏది మంచి కారు? కొలవగలిగిన ప్రతి విషయంలోనూ కొత్తదే. పాత కారు అభిమానులు దాన్ని నడుపుతుంటే రోడ్డుతో మాట్లాడుతున్నట్టు ఉంటుందంటారు. అది నిజమే. కానీ ఆ కాలపు కార్లలో తప్పుకు శిక్ష చాలాసార్లు ప్రాణమే. 1957 నాటి ఆ రోడ్డును తలుచుకుంటే, ఆ రోజులే బాగున్నాయని అనడానికి నోరు రాదు.

తల్లిదండ్రులుగా మనకు ఇందులో పనికొచ్చే మాట ఒకటుంది. డీనో కారులా పెంచితే బిడ్డకు ప్రతి తప్పూ తెలుస్తుంది, దెబ్బా గట్టిగానే తగులుతుంది. 296లా పెంచితే దెబ్బ తగలదు, అసలు తప్పు చేశానని కూడా తెలియదు. రేపు ఇవ్వాల్సిన ప్రాజెక్టు చార్టును రాత్రి పదకొండింటికి మనమే గీసి పెట్టడం రెండో రకం. ఎయిర్‌బ్యాగు ఉండాల్సిందే. స్టీరింగ్ మాత్రం కాసేపైనా బిడ్డ చేతిలో ఉండాలి.

రెండో కొడుకు

కథ ఇక్కడితో ఆపితే ఎంజో ఆదర్శ తండ్రిగా కనిపిస్తారు. అసలు కథ అంత సులువు కాదు. ఆయనకు ఇంకో కొడుకు ఉన్నాడు. పేరు పియెరో. 1945లో, భార్య కాని మరో మహిళకు పుట్టాడు. అప్పటి ఇటలీలో విడాకులకు చట్టమే లేదు. పెద్దయ్యాక పియెరో తండ్రి ఫ్యాక్టరీలోనే పనికి చేరినా, తండ్రి ఇంటిపేరు మాత్రం పెట్టుకోలేకపోయాడు. 1978లో ఎంజో భార్య లారా చనిపోయాకే ఆయన పియెరోని కొడుకుగా లోకానికి ఒప్పుకున్నారు. అప్పటికి పియెరోకి ముప్పై దాటాయి.

పోయిన కొడుకు పేరు కార్ల మీద మెరుస్తున్నప్పుడు, బతికున్న కొడుకు తన పేరు కోసం ఎదురుచూశాడు. ఆ పియెరోనే ఇవాళ ఫెరారీ కంపెనీ వైస్ చైర్మన్. ఇంట్లో ఒక బిడ్డ మార్కుల వల్లో, జబ్బు వల్లో, దూరంగా ఉండటం వల్లో మన ధ్యాసంతా లాక్కుంటే, మాట్లాడకుండా తన పని తాను చేసుకుపోయే ఇంకో బిడ్డ ఉంటుంది. ఆ బిడ్డ వైపు కూడా ఒకసారి చూడమని ఈ కథ గుర్తుచేస్తుంది.

మిగిలినవి

ఎంజో 1988 ఆగస్టు 14న 90 ఏళ్ల వయసులో చనిపోయారు. సరిగ్గా నాలుగు వారాలకు ఇటలీలోనే మోంజాలో జరిగిన ఫార్ములా వన్ రేసులో ఫెరారీ కార్లే మొదటి రెండు స్థానాల్లో నిలిచాయి. ఇమోలా రేసు ట్రాక్‌కు తండ్రీకొడుకుల ఇద్దరి పేర్లూ ఉన్నాయి. మారనెల్లోలో ఎంజో డీనో పేరు మీద పెట్టించిన సాంకేతిక పాఠశాల ఉంది. చదువు మీద ధ్యాస లేని కుర్రాడు చివరికి ఒక బడి పెట్టించాడు. కార్ల కంటే అదే ఎక్కువ కాలం నిలిచే పని కావచ్చు.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

ఆరో తరగతి, ఆపైన చదివే పిల్లలకు: పైనున్న అంకెలు ఇచ్చి, ఒక్కో హార్స్‌పవర్ ఎన్ని కిలోలు మోస్తోందో లెక్క కట్టమనండి. డీనోకి 5 కిలోలు, 296కి సుమారు 1.77 కిలోలు రావాలి. బరువు పెరిగినా కారు ఎందుకు వేగంగా పోతోందో వాళ్లే చెబుతారు.

చిన్న పిల్లలకు: గుర్రం బొమ్మ చూపించి, బరాక్కా తల్లి కథ చెప్పండి.

మీకు: ఈ వారం మీ బిడ్డ చేసే ఏదైనా ఒక పనిలో, అడిగేదాకా చెయ్యి పెట్టకుండా పక్కన కూర్చుని చూడండి.