జూలై 4: జెండా వెంకయ్య

గతించిన పెద్దలను ఇంటివారు తిథిని బట్టి స్మరించుకొంటారు. జాతి తేదీని బట్టి స్మరించుకొంటుంది. అట్టి తేదీలలో జూలై 4 ఒకటి. 1776లో ఆనాడే అమెరికా వలసరాజ్యాల ప్రతినిధులు స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించారు. 1902లో ఆనాడే వివేకానందస్వామి బేలూరు మఠంలో దేహం చాలించారు. 1897లో ఆనాడే విశాఖ మండలంలోని పాండ్రంగిలో అల్లూరి సీతారామరాజు జన్మించారు. ఏటా ఆ తేదీన తెలుగునాట మన్యంవీరుని విగ్రహాలకు పూలమాలలు పడతాయి, పడవలసినవే. కాని 1963లో అదే తేదీన విజయవాడలో కన్నుమూసిన మరొక తెలుగువానిని తలచుకొనేవారు తక్కువ. ఆయన పింగళి వెంకయ్య.

కృష్ణా మండలం భట్లపెనుమర్రులో 1876 ఆగస్టు 2వ తేదీన ఆయన జన్మించారు. తండ్రి హనుమంతరాయుడు, తల్లి వెంకటరత్నమ్మ. చదువు మచిలీపట్నం హిందూ ఉన్నత పాఠశాలలో సాగింది. యౌవనంలో సైన్యంలో చేరి, బోయరు యుద్ధ కాలంలో దక్షిణాఫ్రికా వెళ్లారు. గాంధీతో పరిచయం అక్కడనే కలిగింది. ఆ పరిచయం తరువాత రెండు దశాబ్దాలకు కృష్ణ ఒడ్డున ఫలించింది.

ఆయన బుద్ధి ఒక్కచోట నిలిచేది కాదు. జపాను భాష నేర్చి అందులో ఉపన్యసించి జపాను వెంకయ్య అనిపించుకొన్నారు. మునగాల సంస్థానంలో ఉండి కంబోడియా పత్తిని సాగుచేసి పత్తి వెంకయ్య అయ్యారు. రత్నాల పరీక్షలో, నేలలోని ఖనిజాల పరిశోధనలో కాలం గడిపి డైమండు వెంకయ్య అయ్యారు. ఇన్ని పేర్లు వచ్చినా ఆయన మనస్సు విడువకుండా పట్టుకొన్నది ఒక్కటే: భారతజాతికి తనదైన పతాకం ఉండాలి.

ఆ రోజులలో దేశానికి జెండాలు లేకపోలేదు. ఎవరి జెండా వారిదిగా ఉండేది. 1907లో జర్మనీలోని స్టుట్‌గార్టు నగరంలో మేడం కామా ఎగురవేసినది ఒకటి, 1917లో అనిబిసెంటు, తిలకుల హోంరూలు ఉద్యమం పట్టినది మరొకటి. అందరూ తమది అనదగిన జెండా మాత్రం ఏర్పడలేదు. వెంకయ్య బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో అధ్యాపకులుగా ఉంటూ ఇతర దేశాల పతాకాలను పరిశీలించారు. భారతదేశానికి తగిన నమూనాలు ముప్పది కూర్చి 1916లో ఇంగ్లీషున ఒక పుస్తకం వెలువరించారు. ఆపైన కాంగ్రెసు మహాసభ ఎక్కడ జరిగితే అక్కడికి పోయి, నాయకులకు ఆ మాటే విన్నవించారు. విన్నవారు మెచ్చుకొన్నారేగాని పని ముందుకు సాగలేదు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘం బెజవాడలో సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసులో కోటి సభ్యులు, దేశంలో ఇరువది లక్షల రాట్నాలు కావాలని ఆ సభ నిశ్చయించింది. జెండాపై రాట్నం ఉండాలన్న ఊహ జలంధరుకు చెందిన లాలా హంసరాజుది. ఎరుపు, ఆకుపచ్చ వన్నెలమీద రాట్నం ఉంచి నమూనా రచించవలసినదిగా గాంధీ వెంకయ్యను కోరారు. సంవత్సరాలుగా అందుకే కాచుకొని ఉన్న మనిషి కొద్ది గంటలలో దానిని సిద్ధపరచారు. అయినా సభ ముందుంచే వేళ దాటిపోయింది. ఆ ఆలస్యమే మేలయింది. మిగిలిన మతాలవారికీ చోటు ఉండాలని తలచి గాంధీ తెల్లని వన్నెను చేర్చారు. ఆ నెలలోనే తన పత్రికలో జెండాను గురించి వ్రాస్తూ, వెంకయ్య పట్టుదలను పేరెత్తి ప్రశంసించారు.

తరువాత ఆ జెండా వెంకయ్యది కాక దేశానిదయింది. 1923లో నాగపూరులో దానికోసం సత్యాగ్రహం జరిగింది. వందలకొలది జనం చెరసాలకు వెళ్లారు. 1931లో కాంగ్రెసు నియమించిన పతాక సంఘంలో బందరువారైన పట్టాభి సీతారామయ్య సభ్యులు. ఆ సంవత్సరమే కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వన్నెలు, నడుమ రాట్నం స్థిరపడ్డాయి. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో అశోకుని ధర్మచక్రాన్ని ఉంచి ఆమోదించింది. నేటి పతాకంలో పలువురి చేయి ఉంది. అందరి సొత్తు కావడానికి అలా జరుగక తప్పదు. అయితే ఎవరూ అడుగకముందే ఆ పనికి పూనుకొని, వినేవారు దొరికేవరకు విడువక తిరిగినవారు వెంకయ్య.

జెండా వీధి వీధికీ ఎక్కిన తరువాత ఆయన పదవులు వెదకలేదు. నెల్లూరులో అభ్రకాన్ని పరిశోధిస్తూ మళ్లీ మట్టిని, రాళ్లను ఆశ్రయించారు. వార్ధక్యంలో విజయవాడ చిట్టినగరులో ఒక గుడిసె ఆయన నివాసం. ప్రతి ఆగస్టు 15న ఊరంతా ఎగిరే జెండాను ఆయన ఆ వాకిటినుండి చూశారు. అవసానదశలో పెద్దలు కొందరు సన్మానించి కొంత నిధి సమర్పించారు. అది అందిన కొద్ది నెలలకే, 1963 జూలై 4న, ఆయన వెళ్లిపోయారు.

తన దేహంపై మువ్వన్నెల జెండా కప్పవలెనని, శ్మశానం చేరిన పిమ్మట దానిని తీసి అక్కడి రావిచెట్టుకు కట్టవలెనని ఆయన కోరుకొన్నారని చెప్పుకొంటారు. జెండాను తనతో కాల్చనీయక, చెట్టుకు కట్టి ఎగరనీయమన్న కోరిక అది. ఆయన ముఖంతో తపాలా బిళ్ల వెలువడడానికి 2009వ సంవత్సరం రావలసివచ్చింది. జూలై 4న మన్యంవీరునికి మాల వేసే చేతులు ఆ రావిచెట్టును కూడా ఒక్కసారి తలచుకొంటే, బెజవాడ ఋణం కొంత తీరుతుంది.