సత్యాన్ని వెదికి సిలువను చేరిన ఎడిత్ స్టెయిన్

ప్రశ్నలు వేసేవారికి విశ్వాసం లేదని మనలో చాలామంది అనుకుంటాం. కాలేజీకి వెళ్ళిన బిడ్డ ఆదివారం పూజకు రావడం మానేస్తే, ఇక దేవునికి దూరమైపోయినట్లేనని కుమిలిపోతాం. అలాంటివారు పునీత ఎడిత్ స్టెయిన్ జీవితం తెలుసుకోవాలి.

ఎడిత్ 1891 అక్టోబరు 12న అప్పటి జర్మనీలోని బ్రెస్లావు నగరంలో, భక్తిగల యూదుల కుటుంబంలో పదకొండవ సంతానంగా జన్మించింది. రెండేళ్ళు నిండకముందే తండ్రి చనిపోతే, తల్లి కలప వ్యాపారం నడిపి పిల్లలను పెంచింది. పదిహేనేళ్ళకు ఎడిత్ ప్రార్థన మానేసింది. సత్యమేదో బుద్ధితోనే తేల్చుకోవాలని తత్వశాస్త్రం చదివి, హుస్సెర్ల్ శిష్యురాలయింది. 1915లో చదువు పక్కనపెట్టి, రెడ్‌క్రాస్ తరఫున అంటువ్యాధుల ఆసుపత్రిలో సైనికులకు సేవ చేసింది. ఒకరి బాధ మరొకరికి ఎలా తెలుస్తుందన్న విషయంపై పరిశోధన చేసి, 1916లో డాక్టరేటు పొందింది.

1917లో ఆమె గురువు రైనాక్ యుద్ధంలో మరణించాడు. ఆయన భార్యను ఓదార్చడానికి వెళ్ళిన ఎడిత్‌కు, క్రీస్తు సిలువను నమ్ముకుని నిబ్బరంగా ఉన్న స్త్రీ కనిపించింది. ఏ వాదానికీ లొంగని మనసు అక్కడ కదిలింది. అయినా తొందరపడలేదు. 1921లో ఆవిలాపురి పునీత తెరేసమ్మ ఆత్మకథ చదివాకే సందేహాలు తీరాయి. 1922 జనవరి 1న జ్ఞానస్నానం పొందింది. కన్నతల్లి కన్నీరు పెట్టుకుంది.

తర్వాత స్పేయర్‌లో ఉపాధ్యాయినిగా పనిచేసింది. 1933లో నాజీలు అధికారానికి రాగానే, యూదురాలైనందుకు మ్యూన్‌స్టర్‌లో అధ్యాపక పదవి కోల్పోయింది. యూదుల పక్షాన గళమెత్తాలని పదకొండవ పయస్ పాపుగారికి లేఖ వ్రాసింది. అదే ఏడు కొలోన్ కార్మెల్ మఠంలో చేరింది. 1938 చివరలో హాలండులోని ఎక్ట్ మఠానికి మారింది.

1942 జూలైలో హాలండు మేత్రాణులు యూదుల తరలింపును బహిరంగంగా ఖండించారు. అందుకు ప్రతీకారంగా నాజీలు యూదు కతోలికులను పట్టుకున్నారు. ఆగస్టు 2న ఎడిత్‌నూ, ఆమె అక్క రోసానూ తీసుకుపోయారు. వెస్టర్‌బోర్క్ శిబిరంలో దుఃఖంతో తల్లులు పిల్లలను సైతం పట్టించుకోలేని స్థితిలో ఉంటే, ఎడిత్ ఆ పిల్లలకు స్నానం చేయించి, తల దువ్వి, అన్నం పెట్టించింది. ఒకనాడు పుస్తకంలో వేసుకున్న ప్రశ్నకు అక్కడ చేతులతో జవాబు చెప్పింది. ఆగస్టు 9న ఆష్‌విట్జ్‌లో ఆమెను చంపారు. 1998లో శ్రీసభ ఆమెకు పునీత పట్టం ఇచ్చింది.

ప్రియ పాఠకులారా, రైనాక్ భార్య ఎడిత్‌తో వాదించలేదు. కష్టంలో తన విశ్వాసాన్ని నిలుపుకుంది, అంతే. పూజకు రాని బిడ్డను మందలించే ముందు, మన ఇంటికి కష్టం వచ్చిన రోజున ఆ బిడ్డ మనలో ఏమి చూశాడో మనల్ని మనమే అడుగుకుందాం.