ఛార్లెసు ఫిలిప్ బ్రౌను దొరగారు

ఇంగ్లీషు భాషాపరీక్షకు కూర్చుండబోవు మన విద్యార్థులు మాటల పట్టికలను వల్లెవేయుచు, వేసినవానిని మరునాటికి మరచుచు, పడెడి ప్రయాసమును మేము ఏటేట చూచుచునే యున్నాము. ఇట్టి ప్రయాసమునే మన తెలుగు కొరకు పడి, తుదకు ఆ మాటలను మనకే నిఘంటువుగా కూర్చి యిచ్చిన దొర యొకరు కలరు. వారి చరిత్రమును క్లుప్తముగా వ్రాయ సంకల్పించితిమి.

బ్రౌనుగారు 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించిరి. తండ్రి డేవిడ్ బ్రౌనుగారు క్రైస్తవ మతగురువు. పెక్కు భాషల నెరిగినవారు. 1812లో తండ్రి గతింపగా కుటుంబము ఇంగ్లండు చేరెను. బాలుడు హెయిలీబరీ కళాశాలలో చదివి, కుంపిణీ కొలువు సంపాదించి, 1817 ఆగస్టులో చెన్నపట్టణమున దిగెను.

అచ్చట ఫోర్టు సెంటు జార్జి కళాశాల యుండెను. క్రొత్తగా వచ్చిన దొరలు దేశభాషలు నేర్చి పరీక్ష నిచ్చినగాని జిల్లాలకు పంపబడెడివారు కారు. బ్రౌనుగారికి తెలుగున ఒక్క ముక్కయు రాదు. వెలగపూడి కోదండరామ పంతులుగారు వారికి గురువులైరి. ఆనాటికి సాధనములు స్వల్పము. ఏ. డి. కాంబెల్ దొరగారి వ్యాకరణము 1816లో అచ్చుపడినది. వారి నిఘంటువు 1821వరకు వెలువడలేదు. కావున పంతులుగారి నోటినుండి వచ్చిన మాటయే పుస్తకము. మూడేండ్లు శ్రమించి 1820లో పరీక్ష నెగ్గిరి.

చాలమంది చదువు పరీక్షతో ముగియును. వీరిది అప్పుడు మొదలయ్యెను. అదే సంవత్సరము కడపలో కలెక్టరు హాన్‌బరీ దొరగారి క్రింద సహాయోద్యోగిగా చేరిరి. కచేరీలో రైతులు చెప్పుకొను మొరలు, సాక్షులు పలుకు వాక్కులు కళాశాలలో చదివిన పాఠములవలె లేవు. వాడుకమాట యొకటి, కావ్యభాష యొకటి, ఉర్దూ పారసీక పదములు కలిసిన కచేరీభాష మరియొకటి. ఈ మూటిని వేరువేరుగా పట్టుకొనినగాని తెలుగు వచ్చినట్లు కాదని వారు గ్రహించిరి.

1824లో దుబాయి అను ఫ్రెంచి మతగురువు రచించిన గ్రంథమున వేమన పేరు చూచి, ఆ పద్యములను వెదకింప నారంభించిరి. వ్రాతప్రతు లెన్నియో తెప్పించి, పాఠములను సరిపోల్చి, ఇంగ్లీషు అర్థములతో 1829లో చెన్నపట్టణమున అచ్చువేయించిరి. అది మొదలు కావ్యముల వేట విడువలేదు. కడపలోని తమ బంగళాలో పండితులను, లేఖకులను నిలిపి, జీతములు తామే యిచ్చి, తాళపత్రములనుండి ప్రతులు వ్రాయించిరి. జూలూరి అప్పయ్యగారు మొదలైన పండితులు ఈ పనిలో వారికి కుడిభుజమైరి. దొరగారి పేరు చెప్పుకొను మనము ఆ పండితులను తరచుగా మరచుచున్నాము. అది న్యాయము కాదు. ఈ వ్యయమునకు జీతము చాలక దొరగారు అప్పులపాలైరి.

1832, 1833 సంవత్సరములలో గుంటూరు సీమను మహాక్షామము పట్టి లక్షకు పైగా జనము మడిసిరి. అప్పు డచ్చట ఉద్యోగము చేయుచున్న బ్రౌనుగారు తమ లేఖలలో దానిని ఫ్యామిన్ అని, అనగా కరవని వ్రాసిరి. పై యధికారులకు స్కేర్సిటీ, అనగా కొరత, అను మెత్తని మాటయే ప్రియము. నిఘంటువులో ఈ రెండు మాటలును దగ్గర చుట్టములవలె కనబడును. గంజి కేంద్రము ముంగిట నిలిచినవానికి మాత్రము వాని నడుమ ఎంత దూరమో తెలియును. 1834లో వీరు కొలువునుండి తొలగింపబడి, మరుసటి యేట ఇంగ్లండునకు పోయిరి. అచ్చటను ఊరకుండక, ఇండియా హౌసులో దుమ్ముపట్టియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను చెన్నపట్టణమునకు మరల్చు యత్నము చేసి కృతార్థులైరి. తిరిగి వచ్చి పారసీక అనువాదకులుగను, పిమ్మట పోస్టుమాస్టరు జనరలుగను పనిచేసిరి. వ్యాకరణమును 1840లో ప్రకటించిరి.

ఇక మన విద్యార్థులకు ముఖ్యమైన 1852వ సంవత్సరమునకు వత్తము. ఆ యేట తెలుగు ఇంగ్లీషు నిఘంటువు చెన్నపట్టణమున క్రైస్తవ విజ్ఞాన సంఘమువారి అచ్చుకూటమున వెలువడెను. కచేరీమాటలకు వేరుగా మిశ్రభాషా నిఘంటువును కూర్చిరి. తెలుగువారు ఇంగ్లీషు నేర్చుటకై ఇంగ్లీషు తెలుగు నిఘంటువును కూర్చి, అందు ఇంగ్లీషు మాటల ఉచ్చారణమును కూడ చూపిరి. వీనికి తోడు వాక్యావళి యను పుస్తకము గలదు. విడిమాట కాక, పలుకుబడి యంతయు ఏ భాషకు ఎట్లు మారునో చూపుట దాని యుద్దేశము. మా అభిప్రాయమున ఇదియే వారి పనులలో విద్యార్థికి మిక్కిలి యుపయోగమైనది. తెలుగున దెబ్బలు తిందుము, లంచము తిందుము. ఇంగ్లీషువాడు వీనిని తినడు. ఇంగ్లీషున టేక్ అను ఒక్క క్రియతోనే మందు పుచ్చుకొందురు, ప్రమాణము చేయుదురు, సెలవు తీసికొందురు, నిప్పు సైత మంటుకొనును. పట్టికలో టేక్ అనగా తీసికొనుట అని మాత్రమే వ్రాసికొనిన బాలుడు పరీక్షలో ఏమి చేయగలడు?

లోపములు లేవని మే మనము. బండిరను, అరసున్నను ఆయన లెక్కచేయకుండుట పండితులకు రుచింపలేదు. అయినను వాడుకమాటకు గౌరవస్థానమిచ్చిన ధైర్యము ఆయనదే. 1885లో వెలసిన శబ్దరత్నాకరము సైతము అట్టి మాటలకు అంతగా చోటీయలేదు.

1855లో ఆరోగ్యము చెడి ఉద్యోగము మానుకొని లండను చేరిరి. అచ్చట విశ్వవిద్యాలయ కళాశాలలో తెలుగు ఆచార్యులైరి. వివాహము చేసికొనలేదు. సేకరించిన గ్రంథములలో రెండువేలకు పైబడిన వానిని చెన్నపట్టణపు సాహిత్య సంఘమునకు అంతకుముందే యిచ్చివేసిరి. 1884 డిసెంబరు 12వ తేదీన, ఎనుబదియారేండ్ల వయస్సున లండనులో మరణింపగా కెన్సల్ గ్రీను శ్మశానవాటికలో సమాధి చేసిరి. తెలుగు ఇంగ్లీషు నిఘంటువు 1903లో వీరేశలింగము పంతులుగారు మొదలగువారి పరిష్కరణముతో మరల అచ్చుపడెను. కడపలో ఆయన బంగళా ఉండిన చోట నేడు ఆయన పేరనే గ్రంథాలయము వెలసియున్నది.