యంత్రాన్ని ప్రేమించి మనిషిని మరువని జి.డి. నాయుడు

కోయంబత్తూరులో గాంధీపురం పేరు చెప్పగానే ఎవరికైనా బస్సులే గుర్తుకు వస్తాయి. పల్లెలకు పోయే టౌను బస్సులు, దూరపు ఊళ్ళకు పోయే బస్సులు రాత్రింబవళ్ళు అక్కడి నుండి బయలుదేరుతూనే ఉంటాయి. ఆ నగరం చుట్టుపక్కల పల్లెలలో విజయనగర, నాయక రాజుల కాలం నుండి స్థిరపడిన తెలుగు కుటుంబాలు నేటికీ ఉన్నాయి. ఇంట తెలుగు, వీధిలో తమిళం వారి వాడుక. మన సరిహద్దు పల్లెలవారికి ఈ రెండు భాషల బ్రతుకు కొత్తది కాదు. అటువంటి ఒక రైతు కుటుంబంలో పుట్టి, బస్సులు నడిపి, మోటార్లు చేయించి, భారతదేశపు ఎడిసన్‌గా ప్రఖ్యాతి గాంచినవారు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకమంతా ఆయనను జి.డి. నాయుడు అనే పిలిచింది.

మరమనుషులు, కృత్రిమ మేధ మనిషి పనిని లాగుకొంటాయేమోనన్న భయం నేడు పల్లెల దాకా వచ్చింది. ఈ సమయంలో ఆయన జీవితాన్ని మరొకసారి తలచుకోవడం అవసరం. యంత్రంపై అంతటి మక్కువ గల మనిషి, యంత్రం వెంట రావలసినది మరొకటి ఉందని గ్రహించారు.

బాల్యం, తొలి యంత్రం

నాయుడుగారు 1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో జన్మించారు. బడి చదువు ఆయనకు పెద్దగా అబ్బలేదు. ఒకనాడు ఒక తెల్లదొర మోటారు సైకిలు మీద రావడం చూచి, ఆ బండి ఎట్లు నడుస్తున్నదో తెలుసుకోవాలన్న తపన ఆయనను పట్టుకొన్నది. కోయంబత్తూరు చేరి ఒక హోటలులో పనికి కుదిరి, కూడబెట్టిన డబ్బుతో ఒక మోటారు సైకిలు కొన్నారు. దానిని భాగాలుగా విప్పి, మరల బిగించి, యంత్రపు గుట్టు తెలుసుకొన్నారు. గురువులు లేని ఆ విద్యయే ఆయన జీవితానికి పునాది అయినది. తరువాత ప్రత్తి వ్యాపారంలో దిగి కొంత గడించి, బొంబాయి వ్యాపారంలో దానిని పోగొట్టుకొన్నారు.

నష్టపోయిన ఆయనకు కోయంబత్తూరులోని ఆంగ్ల వ్యాపారి స్టేన్స్ దొర చేయూతనిచ్చారు. 1920లో పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య నాయుడుగారి తొలి బస్సు నడిచింది. అదే కాలక్రమాన యూనివర్సల్ మోటార్ సర్వీసుగా పెరిగి, ఆ సీమలో పేరెన్నికగన్న బస్సుల సంస్థ అయినది.

అదే 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ ఒక నాటకం ప్రచురించారు. అందులో కర్మాగారంలో తయారయ్యే కృత్రిమ మనుషులకు పెట్టిన పేరు నుండే రోబో అనే మాట లోకానికి వచ్చింది. ఆ పేరుకు మూలమైన చెక్ పదానికి అర్థం వెట్టిచాకిరి. యంత్రం మనిషికి వెట్టి చేయాలా, మనిషి యంత్రానికి వెట్టి చేయాలా అన్న ప్రశ్న ఆ పేరులోనే ఇమిడి ఉన్నది.

కపిలి పోయి మోటారు వచ్చింది

1932లో నీలగిరులలోని పైకారా జలవిద్యుత్ కేంద్రం పని మొదలుపెట్టగా కోయంబత్తూరు ప్రాంతానికి కరెంటు అందింది. 1937లో నాయుడుగారు, డి. బాలసుందరం నాయుడుగారు కలసి చేసిన కృషితో మన దేశంలోనే తయారైన విద్యుత్ మోటారు వెలువడింది. ఆ పరిశ్రమ క్రమంగా వేళ్ళూనుకొని, కోయంబత్తూరు పంపుసెట్ల నగరంగా దేశమంతటా పేరుపొందింది.

మోటారుకు ముందు బావి నీరు ఎట్లు పైకి వచ్చేదో మన పల్లెల పెద్దలకు తెలుసు. రెండు ఎడ్లు, ఒక తోలు బాన, తెల్లవారు జామున కపిలి తోలే మనిషి. మోటారు రాగానే ఎడ్లకు విశ్రాంతి దొరికింది, మడికి నీరు సులభంగా పారింది. అయితే కపిలి తోలేవాని కూలి పోయింది, బాన కుట్టే చేతులకు పని తగ్గింది. మరొకవైపు పోత పోసేవారికి, లేతు మీద పనిచేసేవారికి, మోటారుకు రాగితీగ చుట్టేవారికి క్రొత్తగా పని దొరికింది. పోయిన పని ఒకరిది, వచ్చిన పని మరొకరిది. కపిలి తోలినవాడు మరునాడే తీగ చుట్టలేడు. ఈ రెండింటి నడుమ నేర్పు అనే వంతెన కావాలి. ఆ వంతెన ఎవరు కట్టాలన్నదే యంత్రయుగపు అసలైన ధర్మప్రశ్న.

చేతికి నేర్పు, కూలికి క్షేమం

ఈ ప్రశ్నకు నాయుడుగారు తన చేతలతో సమాధానమిచ్చారు. 1944లో తన మోటారు వ్యాపార భారం నుండి తప్పుకొని, పరిశోధక విద్యార్థులకు సహాయము, తన సంస్థలలోని పనివారికి, అణగారిన వర్గాలకు సంక్షేమ పథకాలు ప్రకటించారు. ఆయన విరాళాలతో అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల వెలిశాయి. ఆ కళాశాలయే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. బడి చదువు పూర్తిచేయని నాయుడుగారే 1945లో ఆ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నారు.

అయితే నాలుగేండ్ల కోర్సు విద్యార్థి కాలాన్ని వృథా చేస్తుందని ఆయన అభిప్రాయం. రెండేండ్లు చాలునని, పలు విషయాలలో పలు కోర్సులు పెట్టాలని ఆయన కోరారు. ప్రభుత్వం అంగీకరించలేదు. తాను నమ్మనిదానికి అధిపతిగా కూర్చోవడం ఇష్టంలేక ఆయన ఆ పదవిని వదలుకొన్నారు. కూలిపని చేసుకొనే ఇంటి పిల్లవానికి ఏండ్ల తరబడి చదువు పెద్ద బరువు. పని త్వరగా నేర్పితేనే యంత్రం అతనికి అన్నం పెట్టగలదు. నేడు కృత్రిమ మేధ వల్ల ఏటేటా పనుల రూపు మారుతున్నప్పుడు, ఆయన నాడు లేవదీసిన వాదం మరింత బలంగా వినిపిస్తున్నది.

యంత్రాన్ని నమ్మడం ఎట్లు?

సన్నని క్షౌరపు బ్లేడు, పొడి బ్యాటరీలతో నడిచే రేజరు, పండ్లరసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను, ఎవరూ తారుమారు చేయలేని ఓట్ల నమోదు యంత్రం ఆయన రూపొందించిన వాటిలో కొన్ని. 1952లో రెండు వేల రూపాయల ధరకు రెండు సీట్ల కారు చేసి చూపినా, ప్రభుత్వ అనుమతి రాక అది అంతటితో ఆగిపోయింది. ఏ యంత్రం బ్రతకాలో నిర్ణయించేది దాని గుణం ఒక్కటే కాదని, అధికారం కూడా అని ఈ ఉదంతం తెలుపుతుంది.

ఓట్ల యంత్రం సంగతి గమనించదగినది. మన దేశంలో ఎన్నికలకు ఓటింగు యంత్రం మొదటిసారి వాడినది 1982లో, కేరళలోని పరవూరులో. తన ఓటు ఎవరికి పడినదో ఓటరు కాగితం మీద చూచుకొనే ఏర్పాటు 2013లో మొదలైంది. యంత్రం సరిగా పనిచేస్తే చాలదు, సరిగా పనిచేసినదని సామాన్యుడు చూడగలగాలి. చౌకదుకాణంలో వేలిముద్ర పడక వెనుదిరిగే ముసలి కూలీకి ఈ మాట ఎవరూ చెప్పనక్కరలేదు. మట్టిపనిలో అరిగిన వేలిని యంత్రం గుర్తించకపోతే తప్పు యంత్రానిది, పస్తు మాత్రం మనిషిది. మనిషికి బదులు నిర్ణయాలు చేసే కృత్రిమ మేధకు ఈ నియమం ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. తప్పు జరిగితే జవాబు చెప్పే మనిషి ఒకడు ఉండి తీరాలి.

మోటారు మేలే చేసినా, దాని వెంట బావులు లోతయ్యాయి, బోర్లు వచ్చాయి, భూగర్భ జలం అడుగంటింది. కనిపెట్టినవాని మంచి ఉద్దేశం ఒక్కటే సమాజాన్ని కాపాడదు. వాడేవారికీ పాలించేవారికీ ముందుచూపు ఉండాలి.

నాయుడుగారు 1974 జనవరి 4న పరమపదించారు. 1967లో కోయంబత్తూరులో నెలకొన్న ఆయన పారిశ్రామిక ప్రదర్శన నేటికీ పిల్లలకు యంత్రాల లోగుట్టు చూపుతున్నది. 2025 అక్టోబరులో ప్రారంభమైన అవినాశి రోడ్డులోని సుమారు 10 కిలోమీటర్ల పై వంతెనకు తమిళనాడు ప్రభుత్వం ఆయన పేరు పెట్టింది.

పొలాలకు మందు చల్లే డ్రోన్లు నేడు మహిళా సంఘాల చేతికి వస్తున్నాయి. రేపు మరొక యంత్రం మన ఊరికి వస్తుంది. వచ్చినప్పుడు భయపడి తలుపు మూయనక్కరలేదు, మురిసిపోయి కళ్ళు మూయనూ కూడదు. దానిని నడపడం మన పిల్లలకు ఎవరు నేర్పుతారు, దానివల్ల పని పోయినవానికి ఏమి దారి, అది తప్పు చేస్తే ఎవరు జవాబుదారీ అన్న మూడు ప్రశ్నలు గ్రామసభలో అడగాలి. కలంగల్ రైతుబిడ్డ జీవితం మన పల్లెలకు ఇచ్చిపోయిన పాఠం ఇదే.